గీతకీ మాటకీ మధ్య వదిలిన జాగా

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే నరసాపురం. బాపుగా మనందరికీ తెలిసిన చిత్రకారుడు సత్తిరాజు లక్ష్మీనారాయణ 1933 డిసెంబరు 15న పుట్టింది ఆ గట్టునే. కోనసీమకు తలాపున ధవళేశ్వరం. మన కాలవల్లోకి నీళ్ళు మళ్ళించే ఆనకట్ట ఉన్న ఊరు. రచయిత ముళ్ళపూడి వెంకటరమణ 1931 జూన్ 28న అక్కడ పుట్టారు. ఒకరిది గోదావరి చివర, ఇంకొకరిది గోదావరి చీలే చోటు. ఇద్దరి మధ్యలో కోనసీమ అంతా ఉంది. కానీ వాళ్ళిద్దరూ కలుసుకున్నది మద్రాసులో, మైలాపూరు బడిలో. వాళ్ళ చేతిపని కలిసి తెలుగు ఇళ్ళకు వారం వారం చేరింది ఒక దినపత్రిక వాళ్ళు నడిపిన వారపత్రికలో. అదే ఆంధ్రపత్రిక సచిత్ర వారపత్రిక. ఆ పేజీల మీద ఎందరో వ్యాసాలు రాశారు. ఎక్కువమంది ఆ ఇద్దరి స్నేహం గురించి, హాస్యం గురించి చెప్పారు. నాకు మాత్రం ఆ పేజీ ఎలా తయారైందన్నదే ఎక్కువ ముఖ్యం. వారం తిరిగేసరికి పాతబడిపోయే కాగితం మీద అంత జాగ్రత్తగా పని ఎలా చేశారు, ఎందుకు చేశారు అన్నదే నా ధ్యాస.

ఆంధ్రపత్రిక పుట్టుకే వారపత్రికగా పుట్టింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టారు. అమృతాంజనం అమ్మి సంపాదించిన డబ్బు అందులో పోశారు. 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రిక వచ్చింది. అంటే దినపత్రిక నడుస్తుండగా దానికి తోకగా వారపత్రిక తగిలించలేదు. వారపత్రికే ముందు, దినపత్రిక తర్వాత. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. ఉగాదికి వెలువడే సంవత్సరాది సంచికలు సరేసరి, ఒక్కొక్కటి ఒక గ్రంథం. రోజుకొకటి, వారానికొకటి, నెలకొకటి, ఏడాదికొకటి: చదువరి తీరికను బట్టి నాలుగు కొలతల్లో కాగితం అందించిన సంస్థ అది. నాగేశ్వరరావు 1938లో కన్నుమూశాక అల్లుడు శివలెంక శంభుప్రసాద్ పగ్గాలు పట్టారు. ఆయన కాలంలోనే, 1950ల్లో, వారపత్రిక గదిలో నండూరి రామమోహనరావు, ముళ్ళపూడి, బాపు ఒకచోట చేరారు.

దినపత్రికకు వారానికొకసారి బొమ్మలతో, కథలతో మరో సంచిక తేవడం మన ఒక్కరి ఆలోచనే కాదు. కెనడాలో టొరంటో స్టార్ పత్రిక 1910లో స్టార్ వీక్లీ మొదలుపెట్టింది. 1920ల తొలి రోజుల్లో కుర్ర విలేకరి హెమింగ్వే అందులో రాశాడు. 1951లో మాంట్రియల్ నుంచి వీకెండ్ అనే మరొకటి వచ్చింది. దేశంలోని ఎన్నో దినపత్రికలు దాన్ని తమ శనివారం సంచికలో మడిచిపెట్టి ఇచ్చేవి. స్టార్ వీక్లీ 1973లో, వీకెండ్ 1979లో ఆగిపోయాయి. ప్రకటనలు టీవీ వైపు తరలిపోవడం అక్కడా జరిగింది, ఇక్కడా జరిగింది. అయితే వాళ్ళకు మంచి కాగితం, రంగుల ముద్రణ ఉన్నాయి. మన వాళ్ళకు ఉన్నది గరుకు న్యూస్‌ప్రింటు, సీసం అక్షరాలు, జింకు రేకులు. ఆ లేమి నుంచి ఎంత పనితనం పిండారో చూడాలంటే ముందు బ్లాకు సంగతి తెలియాలి.

చిత్రకారుడు నల్ల సిరాతో గీసిన బొమ్మను ఫోటో తీసి జింకు రేకు మీదికి ఎక్కిస్తారు. ఆ రేకును ఆమ్లానికి ఇస్తే గీత ఉన్నంత మేర మిట్టగా నిలబడుతుంది, మిగిలినదంతా పల్లమైపోతుంది. రేకును కొయ్య దిమ్మకు కొట్టి, అక్షరాలతో సమానమైన ఎత్తుకు తెచ్చి, ఫారంలో వాటి పక్కనే బిగిస్తారు. సిరా పూస్తే మిట్టకు అంటుతుంది, పల్లానికి అంటదు. కనక లైను బ్లాకులో బూడిద రంగు అనేదే లేదు. ఉంటే నలుపు, లేకపోతే కాగితం. ఫోటోలకు వాడే చుక్కల బ్లాకు వేస్తే గరుకు కాగితం మీద చుక్కలు ఒకదాన్నొకటి మింగేసి మొహాలు మసిబారేవి. సన్నని గీతలు దగ్గర దగ్గరగా గీసి నీడ పెడదామన్నా అదే గతి, కాపీలు తిరుగుతున్న కొద్దీ సందులు పూడుకుపోతాయి.

ఆ కష్టాన్ని బాపు తన శైలిగా మార్చుకున్నారు. ఆయన బొమ్మలో నీడ ఉండదు, గీత మందమే నీడ పని చేస్తుంది. చీర కట్టుకున్న మనిషిని గీస్తే, భుజం దగ్గర వెంట్రుకవాసిగా మొదలైన గీత నడుము వంపు దగ్గర బలిసి, కుచ్చెళ్ళలోకి దిగేసరికి మళ్ళీ సన్నబడుతుంది. ఆ ఒక్క గీతలోనే బరువు ఎటు ఒరిగిందో, మనిషి నిలబడిందో నడవబోతోందో తెలిసిపోతుంది. వాలుజడ మాత్రం నిండు నలుపు. పేజీలో అంత నలుపు ఒక చోట దించాక మిగతా చోట్ల గీత ఎంత పలచగా ఉన్నా చెల్లుతుంది. గది గోడలు గీయరు. ఒక స్తంభమో కిటికీ ఊచో గీస్తే చాలు, గది మనమే కట్టుకుంటాం. వదిలేసిన తెలుపు అంతా ఆలోచించి వదిలిందే. జింకు రేకు మీద ఏది నిలుస్తుందో తెలిసినవాడు తప్ప అలా వదలలేడు. ఖరీదైన కాగితం మీద అచ్చేసిన ఆయన తర్వాతి రంగుల బొమ్మలు నాకూ ఇష్టమే. కానీ ఆ చేతికి అసలు చదువు చెప్పింది చవక కాగితమేనని నా నమ్మకం.

శీర్షికల రాత ఇంకొక పెద్ద విషయం. తెలుగు కంపోజిటరు ముందున్న అరల్లో గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాలు కలిపి వందల రకాల అచ్చులుండేవి. ఒక్క సైజుకే అన్ని. అన్నన్ని రకాల్ని పెద్ద సైజుల్లోనూ, రకరకాల ఒంపుల్లోనూ పోత పోయించడం ఏ పత్రిక తరమూ కాదు. అందువల్ల కథ పేరు, సీరియల్ పేరు బొమ్మతోపాటు చేత్తో రాసి బ్లాకు చేయించేవారు. ఈ అవసరం నుంచే బాపు రాత పుట్టింది. అందులో అక్షరాలు గీత గీసి నిలబెట్టినట్టు ఉండవు. ఒకటి కాస్త పైకి లేస్తుంది, పక్కది ఒరుగుతుంది. తలకట్టు తిన్నగా టిక్కు పెట్టినట్టు కాకుండా కొసన విసురుగా లేచిపోతుంది. ఒత్తులు అక్షరం పొట్టకింద ఇరుక్కుని కూర్చుంటాయి, దీర్ఘాలు చేతులు చాపుతాయి. ఇంత అల్లరి చేసినా ఏ అక్షరమూ పక్కదానితో పోలిక కలిసి తికమక పెట్టదు. ఇది చాలా కష్టమైన పని. మ, య, వ, ప లాంటివి ఎంత దగ్గర చుట్టాలో మనకు తెలుసు. వాటిని అంత స్వేచ్ఛగా వంచి కూడా చదవగానే తెలిసేలా ఉంచాలంటే ప్రతి అక్షరంలో ఏ మలుపు తీయకూడదో తెలియాలి. ఈ రోజు అమలాపురం గడియారస్తంభం వీధుల్లో నడిచినా, ఏ పెళ్ళి శుభలేఖ విప్పినా ఆ రాత కనిపిస్తుంది. కంప్యూటరు ఫాంటుగా మారి ఊరూరా తిరుగుతోంది. ఫాంటులో మాత్రం ప్రతి క ఒకేలా ఉంటుంది. చేత్తో రాసిన రోజుల్లో ఒకే పేరులో రెండు క లు వస్తే రెండూ వేరువేరుగా ఉండేవి, పక్కన ఏ అక్షరం వచ్చిందో చూసుకుని ఒదిగేవి.

ఇక బుడుగు. 1950ల నడుమ ఆ వారపత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ పిల్లవాడి కబుర్లను హాస్యం అని ఒక్క మాటలో తేల్చేస్తే అన్యాయం. రమణ అక్కడ చేసిన పనిని జాగ్రత్తగా చూడాలి. మొత్తం కథను బుడుగే చెబుతాడు. పెద్దవాళ్ళు అతనికి అర్థమైనంత మేరకే మనకు కనిపిస్తారు. బాబాయి ప్రేమ వ్యవహారం, అమ్మా నాన్నల కీచులాట, పక్కింటి లావుపాటి పిన్నిగారి ఆరాలు, ఇవేవీ బుడుగుకి పూర్తిగా తెలియవు. అతను చూసింది చూసినట్టు, తన తర్కంతో ముడిపెట్టి చెబుతాడు. అతనికి తెలియనిది మనకు తెలుస్తుంది. అక్కడే నవ్వొస్తుంది. చాలామంది రచయితలు పిల్లల గొంతు పెట్టి పెద్దవాళ్ళ తెలివితేటలు పలికిస్తారు. రమణ ఒక్కచోట కూడా బుడుగు నోట తన తెలివి పలికించలేదు. వాక్యాలు కూడా పిల్లవాడి ఊపిరిని బట్టే నడుస్తాయి. ఒక సంగతి చెప్పబోయి మధ్యలో మరొకటి గుర్తొచ్చి అటు వెళ్ళిపోతాడు, మళ్ళీ తనే మొదటిదాన్ని పట్టుకుంటాడు. చదువుతుంటే దారి తప్పినట్టుంటుంది, చివరికి అన్నీ ముడిపడతాయి.

ఇక్కడ బాపు బొమ్మ ఏం చేసిందో చూడండి. మాట బుడుగు వైపు నుంచి వస్తుంటే, బొమ్మ మన వైపు నుంచి చూస్తుంది. మాటల్లో బుడుగు అందరికన్నా పెద్దవాడు, ప్రపంచానికి ప్రైవేటు చెప్పగలవాడు. బొమ్మలో నిక్కరు వేసుకున్న చిట్టి పిల్లాడు. రాసినది బొమ్మ మళ్ళీ చెప్పదు, రాయనిది చెబుతుంది. మామూలు వారపత్రిక బొమ్మలు కథలోని ఒక వాక్యాన్ని తీసుకుని దాన్నే గీసేవి. అప్పుడు చదువరికి ఒకే సంగతి రెండుసార్లు అందుతుంది. ఈ ఇద్దరి పేజీలో ఒకరు చెప్పిన సగాన్ని ఇంకొకరు ముట్టుకోరు. గీతకీ మాటకీ మధ్య కొంత జాగా వదిలారు. ఆ జాగాలో కూర్చుని నవ్వుకునేది చదువరి. చిన్నతనం నుంచి రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారి బాల పత్రికలో కలిసి పనిచేసిన ఇద్దరికి కుదిరిన ఒప్పందం అది. స్నేహం వల్ల వచ్చిందని అంటారు గానీ, స్నేహం ఉన్న రచయితా చిత్రకారులు ఇంకా ఎంతమంది లేరు! ఎదుటివాడి సగాన్ని లాక్కోకూడదన్న క్రమశిక్షణ వల్ల వచ్చిందది.

అదే వారపత్రికలో నండూరి రామమోహనరావు మార్క్ ట్వేన్‌ని తెలుగు పిల్లల చేతుల్లో పెట్టారు. టాం సాయర్, హకల్‌బెరి ఫిన్, రాజూ పేదా, ఆ తర్వాత స్టీవెన్సన్ నిధి నవల కాంచన ద్వీపం. మన నది ఒడ్డున పెరిగినవాళ్ళకు ఈ అనువాదాల్లో ఒక ప్రత్యేకమైన రుచి ఉంది. టాం, హక్‌లది మిసిసిపీ మీద తెప్ప వేసుకుని పోయే కుర్రాళ్ళ కథ. లంకలు, రాత్రిపూట నీటి చప్పుడు, వరద తెచ్చిన కలప, పొగమంచులో దారి తప్పడం. రాజోలులోనూ కొత్తపేటలోనూ ఏటిగట్టు మీద తిరిగిన పిల్లలకు వీటిలో ఏదీ విదేశం కాదు. రామమోహనరావు మనుషుల పేర్లు మార్చలేదు, ఊర్లు మార్చలేదు. టాం టామే, పాలీ పిన్ని పాలీ పిన్నే. మార్చింది మాట తీరు మాత్రమే. ఆ కుర్రాళ్ళు పుస్తకాల తెలుగు మాట్లాడరు, తెలుగు బళ్ళో వెనక బెంచీ పిల్లల్లా మాట్లాడతారు. మూలంలో అమెరికా దక్షిణాది యాసలు రకరకాలుగా ఉన్నాయి. వాటికి ఏ తెలుగు యాసనో అతికించి ఉంటే కథ ఎబ్బెట్టుగా తయారయ్యేది. ఆయన ఆ ఉచ్చులో పడకుండా, అందరికీ తెలిసిన వాడుక మాటను ఎంచుకుని, దాని వేగంలో అల్లరి చూపించారు. వారానికి ఇన్ని పేజీలని హద్దు ఉంటుంది కనక ఎక్కడ ఆపాలో కూడా చూసుకోవాలి. నవలలో అధ్యాయం ఆగే చోటూ, వారపత్రికలో భాగం ఆగాల్సిన చోటూ ఒకటి కాదు. ఆయన 1960లో ఆంధ్రజ్యోతికి వెళ్ళి తర్వాత దానికి సంపాదకులయ్యారు. నరావతారం, విశ్వరూపం రాసి సైన్సును ఇంటి భాషలో చెప్పారు. ఆ సులువు ముందు పిల్లల సీరియళ్ళ దగ్గర అలవడింది.

పొరుగు పత్రికల్లోనూ గొప్ప పని జరిగింది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ప్రమదావనం శీర్షిక 1952లో మొదలై 47 ఏళ్ళు సాగింది. ఇంటి సమస్యలు, చదువులు, వంట, ఆరోగ్యం, పెళ్ళి, ఏది అడిగినా తడుముకోకుండా నాలుగు ముక్కల్లో జవాబు. ఒక మనిషి ఒకే చోట అంతకాలం అదే ఓపికతో కూర్చోవడం ప్రపంచంలోని ఏ వారపత్రికకైనా గర్వకారణం. ఆరుద్ర గళ్ళ నుడికట్టు, శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక తెలుగు మాటల పొడవు వెడల్పులు కొలిచి గళ్ళలో పెట్టాయి. ఆంధ్రజ్యోతి వారపత్రికను పురాణం సుబ్రహ్మణ్యశర్మ నడిపిన రోజుల్లో శంకరమంచి సత్యం అమరావతి కథలు వచ్చాయి. నూరు కథలు, బాపు బొమ్మలతో. ఒక్కొక్కటి రెండు మూడు పేజీలే. ఆ కొలత పత్రిక పెట్టిందే. కానీ సత్యం దానికి తగ్గట్టు కథను కుదించలేదు, ఆ కొలతకు సరిపోయే కథనే ఎంచుకున్నారు. వంశీ మా పసలపూడి కథలు స్వాతి వారపత్రికలో వచ్చినప్పుడూ బొమ్మలు బాపువే. గౌతమికి అవతల ఉన్న ఆ ఊరి మనుషుల్ని చూసి కోనసీమ పాఠకులు ఫలానా వారే కదా అని పోల్చుకున్నారు.

ఈ పత్రికలన్నీ మన ఊళ్ళకు చేరడమూ ఒక పనే. మద్రాసు నుంచో బెజవాడ నుంచో వచ్చిన కట్ట ఎంత రైలెక్కినా గోదావరి దగ్గర దిగాల్సిందే. కోటిపల్లికి 1928లో వేసిన రైలు దారిని రెండో ప్రపంచ యుద్ధంలో పీకేశారు. మళ్ళీ వేసింది 2004లో. అదీ ఏటికి అవతలే. రావులపాలెం దగ్గర వంతెన రాకముందు కట్ట ఏ దారిన వచ్చినా రేవు దాటాలి, లేదా కాలవ పడవ ఎక్కాలి. కోనసీమ ఇళ్ళల్లో వారపత్రికను అంత తేలిగ్గా చిత్తుకాగితాల వాడికి వేయకపోవడానికి ఈ ప్రయాణం కూడా ఒక కారణం కావచ్చు. సీరియల్ పూర్తయ్యాక ఆ పేజీలు మాత్రం విప్పి, వరసగా పేర్చి, అట్ట వేసి బైండు చేయించుకునేవారు. తెలుగునాట అంతటా ఉన్న అలవాటే, ఇక్కడ మరీ ఎక్కువ. ఆ బైండు పుస్తకాల్లో సీరియల్‌తోపాటు వెనక పేజీలో పడ్డ సబ్బు ప్రకటన, సగం తెగిన జవాబుల శీర్షిక, ఇంకో కథ చివరి ముక్క కూడా దొరుకుతాయి. అచ్చయిన పుస్తకంలో ఉండేది రచన ఒక్కటే. బైండులో ఉండేది ఆ వారం. నాకు దొరికిన అలాంటి ఒక బైండులో కుట్టినవారు భాగాల వరస తప్పకుండా ప్రతి మొదటి పేజీ మూలనా పెన్సిలుతో అంకె వేశారు. చదువరి చేసిన ఆ కుట్టుపని, అంకెలు వేసిన ఆ శ్రద్ధ, సంపాదకుల పనికి కొనసాగింపే.

పత్రిక పేజీలో అలవడిన చూపు తర్వాత సినిమాకు వెళ్ళింది. బాపు తొలి చిత్రం సాక్షి 1967లో వచ్చింది. కథ రమణది. చిత్రీకరణ జరిగింది మన ఆత్రేయపురం దగ్గరి పులిదిండిలో. షాట్లన్నీ ముందే కాగితం మీద బొమ్మలుగా వేసుకుని తీయడం ఆయన పద్ధతి. ఆ బొమ్మల వరసను చూస్తే వారపత్రిక చిత్రకారుడే కనిపిస్తాడు. ఫ్రేములో ఒక మూల మనిషి, మిగతా అంతా ఖాళీ ఆకాశం, లేదా రేవు. 1973 నాటి అందాల రాముడులో గోదావరి మీద లాంచీ అంతా అలాంటి పేజీలే.

ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. మిగతా దినపత్రికల వారపత్రికలూ ఒక్కొక్కటిగా వెనకబడ్డాయి. వాటి చోట దినపత్రికతో ఉచితంగా వచ్చే ఆదివారం పుస్తకం నిలబడింది. ఆఫ్‌సెట్ ముద్రణ, రంగులు, నునుపు కాగితం. కోనసీమ 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయ్యాక దినపత్రికల జిల్లా పేజీలు కూడా మన పేరుతోనే వస్తున్నాయి. వాటిలో కష్టపడి పనిచేసేవారు ఉన్నారని నాకు తెలుసు, కొన్ని కథలు దాచుకుంటున్నాను కూడా. కానీ సంక్రాంతి వచ్చిందంటే జగ్గన్నతోట ప్రభలు, వేసవి వచ్చిందంటే పూతరేకులు, మధ్యలో కొబ్బరితోటల మీద డ్రోను ఫోటో ఒకటి, ఇంతటితో కోనసీమ గురించి చెప్పేశామనుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఫోటో పేజీ అంతా పరుచుకుని, రాసిన మాట దాని మీద తెల్లక్షరాల్లో ఎక్కి కూర్చుంటే రెండింటికీ ఊపిరాడదు. నలుపు తప్ప మరో రంగు లేని రోజుల్లో పేజీ వేసినవాళ్ళకు ఏది వదలాలో తెలుసు. ఇప్పుడు అన్ని రంగులూ చేతిలో ఉన్నాయి గనక వదలడం మరింత నేర్చుకోవాలి.

రమణ 2011 ఫిబ్రవరి 24న, రామమోహనరావు అదే ఏడాది సెప్టెంబరులో, బాపు 2014 ఆగస్టు 31న వెళ్ళిపోయారు. బుడుగు ఇప్పటికీ అచ్చులో ఉంది. టాం, హక్‌ల అనువాదాలు పునర్ముద్రణలు పొందాయి. పాత ఆంధ్రపత్రిక సంచికలు చాలా వరకు ప్రెస్ అకాడమీ వారు స్కాన్ చేయించినవి చూడొచ్చు. చూసేవారికి నాదొక మనవి. స్కాన్‌లో కాగితం పసుపు, సిరా మరకలు ఉంటాయి, వాటిని చూసి పక్కన పెట్టేయకండి. పేజీని పెద్దది చేసి ముందు శీర్షిక చూడండి, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే కథ చదవండి. చదవడం అయ్యాక బొమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళి, కథలో లేనిది అందులో ఏముందో వెతకండి. ప్రతిసారీ ఏదో ఒకటి దొరుకుతుంది.